జకరయ్యకు రావలసిన వాగ్దానం

జకరయ్యకు తాను చచ్చిపోతున్నానన్న దిగులు లేదు. ఆ ముక్క ఇంట్లో ఎవరూ నోటితో అనరు, ఆయన్నీ అననివ్వరు. ఆయన ఒళ్లు మంటంతా అదే.

పొద్దున్నే మందుబిళ్లలతో మొదలయ్యేది ఆ మంట. కోడలు జెన్నిఫర్ మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, మొహంలో కళ వచ్చింది మామయ్యా, కడుపులో పుండు మానిపోతోంది అనేది. అద్దంలో చూసుకుంటే కళ్లు, గోళ్లు పచ్చగా కనిపించేవి. కళ కాదమ్మా, కామెర్లు అనేవాడు ఆయన. ఆ పిల్ల వినపడనట్టు, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి పారిపోయేది. పొయ్యి మీద పాలే ఉండేవి కావు.

నవంబరులో గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు కొడుకు మనోహర్‌ని పక్కకు పిలిచి చెప్పాడు. కాలేయంలో గడ్డ బాగా ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. పక్కకంటే ఎంత పక్కకని? పట్టాల మీద ఎక్కడో మోగే చప్పుడు పట్టుకుని బతికిన చెవులాయె జకరయ్యవి. మొత్తం విన్నాడు. కారెక్కాక మనోహర్, అల్సరంట నాన్నా, పథ్యం చెయ్యమన్నారు అన్నాడు. పోనీలే, పిల్లాడు బెదిరిపోయాడు, నాలుగు రోజులు పోతే వాడే చెబుతాడులే అనుకున్నాడు. నాలుగు రోజులు కాదు, క్రిస్మస్ వెళ్లింది, సంవత్సరం మారింది, ఈస్టర్‌కు ముందుండే శ్రమల దినాలూ వచ్చాయి. వాడు చెప్పలేదు.

జకరయ్య ఊరుకునే మనిషా అంటే, కాదు. తెనాలి నుంచి రేపల్లె పోయే లైనులో, వేమూరు దాటాక పొలాల మధ్యనున్న రైల్వే గేటు దగ్గర ఉద్యోగమంతా వెళ్లదీశాడు. తెనాలి ఐతానగరంలో ఇప్పటికీ ఆయన గేటు జకరయ్యే. గేటు పడ్డాక దాని కింద నుంచి సైకిలు వంచుకుని దూరిన ప్రతివాణ్ణీ చొక్కా పట్టుకుని వెనక్కి లాగినవాడు. సర్పంచి అని చూడలేదు, పెళ్లికొడుకని చూడలేదు. బండి ఎక్కడుందయ్యా, కనపడదే అని వాళ్లు ఎగిరితే, "వస్తుందని చెప్పారు, వేశాను. కనపడ్డాక వెయ్యడానికి నేనెందుకు, నువ్వే వేసుకోవచ్చు" అనేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ గేటు దగ్గర ఒక్క ప్రాణం పోలేదు. అలాగని ఎవరైనా ఒక దండం పెట్టారా? తిట్టుకుంటూ పోయారు.

ఆ తిట్టినవాళ్లలో ముందు వరసలోవాడు జాన్ సైదా. తాపీ మేస్త్రీ. రోజూ పనికి పోతూ గేటు దగ్గర ఆగాల్సి వచ్చేది. ఒకనాడు ఆగలేక దూరబోతే జకరయ్య లాగాడు, సైదా చొక్కా భుజం దాకా చిరిగింది, ఇద్దరూ పట్టాల పక్క కంకరలో దొర్లారు. అంతలో బండి పక్కనుంచే దడదడలాడుతూ పోయింది. ఆ గాలికి దుమ్ముకొట్టుకుపోయిన మొహాలతో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జకరయ్య భార్య సువార్తమ్మ గేటు గదిలోంచి సూదీ దారమూ తెచ్చి, తిట్లు పెడుతూనే ఆ చొక్కా కుట్టింది. ఆ రోజు నుంచి సైదా ఆమె చేతి టీ తాగకుండా గేటు దాటలేదు.

సువార్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. రేపల్లె అవతల వాళ్ల సొంత పాలెంలో, కాలువ కట్ట పక్కనున్న సమాధుల తోటలో పడుకుని ఉంది. ఆ పాలెం వాళ్లది తాతలనాటి లూథరన్ సంఘం. వాళ్లకు ఈస్టర్ అంటే గుడి కాదు, ఆ తోట. ముందురోజు శనివారం ఊరు ఊరంతా కుంచెలు, సున్నం బకెట్లు పట్టుకుని వచ్చి, ఎవరి వాళ్ల సమాధులు వాళ్లు కడిగి తెల్లగా చేస్తారు. తెల్లారకముందే కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి, పాటలు పాడుతూ అక్కడే నిలబడతారు. అందరి తలలూ పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టి పూడుస్తారు. పిలుపు వచ్చి లేచిననాడు మొహాలు పొద్దుకు ఎదురుగా ఉండాలని. జకరయ్య ఏ ఏడూ ఆ శనివారం తప్పలేదు. సున్నం ఆయనే వేసేవాడు, మనోహర్ వేస్తే చారలు పడతాయని కుంచె ముట్టుకోనిచ్చేవాడు కాదు. సువార్తమ్మ పక్కన తనకని ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉంచాడు. ఏటా ఆ చోట్లో గడ్డి పీకి, వస్తానులేవే అని చెప్పి వచ్చేవాడు.

ఈసారి చివరి శనివారమని ఆయనకు తెలుసు. ఆ తోటకు ఒక్కసారి బతికుండగా వెళ్లాలి. ఆ మట్టి మీద కూర్చుని, నన్ను ఇక్కడ పెట్టండిరా అని కొడుక్కి చూపించాలి. సరే నాన్నా అని వాడి నోటితో అనిపించుకోవాలి. గుడి అయ్యగారి చేతిమీదుగా అక్కడే రొట్టె, ద్రాక్షరసం, ఆ ప్రభు భోజనం తీసుకోవాలి. ఆయన కోరినదల్లా ఇంతే, దీనికే ఇంట్లో యుద్ధం.

యుద్ధానికి కారణం గోడ మీద ఉంది. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి గుడిలో ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒక పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పేర్చుకుని నిలబడతాడు. ఒక్కో కార్డు మీద దేవుడి వాగ్దానం ఒక్కోటి ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే అది వాళ్లది, ఆ ఏడాదంతా దేవుడు వాళ్లతో అన్న మాట. గుడికి రాలేనివాళ్ల కోసం ఇంట్లోవాళ్లు తీసుకొస్తారు. జకరయ్య ఆ రాత్రి మంచం మీద ఉన్నాడు, మనోహర్ తీసుకొచ్చాడు. దీర్ఘాయువునిచ్చి తృప్తిపరుస్తానన్న వాగ్దానం. జెన్నిఫర్ ఏడ్చింది, ఇంటిల్లిపాదీ మోకరించారు, మర్నాడే దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి ఫ్రిజ్ పైన గోడకు అంటించారు. అందరూ సంతోషపడుతుంటే మనోహర్ ఒక్కడే ఎందుకో గోడకేసి చూడకుండా నిలబడటం జకరయ్య గమనించాడు గానీ, అలసిపోయాడులే అనుకున్నాడు.

డెబ్బై నాలుగు దాటినవాణ్ణి, ఇంకెంత దీర్ఘం కావాలిరా నాకు అని ఆయన అడిగితే, నోరు మూయించారు. ఆ మాట అంటే వాగ్దానం చెడిపోతుందట. ఆ చెప్పినవాడు బ్రదర్ జీవన్ కుమార్. మనోహర్ బాపట్లలో హైస్కూలు మాస్టారు, రోజూ రైల్లో పోయి వస్తాడు. అక్కడి ప్రార్థన కూటాల్లో పరిచయమైన కుర్రవాడు ఈ బ్రదర్. శుక్రవారం శుక్రవారం ఇంటికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టి, రోగాన్ని గద్దించి పోయేవాడు. చావు అన్న మాట ఈ గడపలో వినపడకూడదు, నోట ఏది పలికితే అదే జరుగుతుంది అన్నాడు. పైసా అడిగేవాడు కాదు, పెట్టింది తినేవాడు కాదు. అందుకే ఆ కుర్రవాణ్ణి తిట్టడానికి ఒక సాకు దొరక్క జకరయ్య మరీ ఉడికిపోయేవాడు.

పాలెం నుంచి రత్నమ్మ ఫోను చేసేది. ఆవిడ జకరయ్య పెద్దన్న భార్య, చెవిటిది. మా మరిదికి ఎలా ఉందిరా అని ఆవిడ అడిగితే, మనోహర్ వాకిట్లో నిలబడి, బాగున్నాడు పెద్దమ్మా, తగ్గిపోతోంది అని వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. అబద్ధమాడటం ఒక ఎత్తు, దాన్ని దండోరా వేసినట్టు చాటడం ఇంకో ఎత్తు. మంచం మీద జకరయ్య పళ్లు పటపట కొరికేవాడు.

ఈస్టర్ ముందటి ఆదివారం మట్టల ఆదివారం. దానికి ముందు శుక్రవారం ఆ కోపం కట్ట తెగింది. ఆ పొద్దున లూథరన్ గుడి అయ్యగారు ఫోను చేసి, ప్రభు భోజనం ఇంటికి తెచ్చి ఇస్తానన్నారు. మనోహర్ వద్దన్నాడు. ఇంటికి తెచ్చి ఇచ్చేది పోయేవాళ్లకు కదండీ, మా నాన్న ఈస్టర్‌కి నడిచి గుడికి వస్తాడు అన్నాడు. జకరయ్య అది విన్నాడు. సాయంత్రం జీవన్ కుమార్ వచ్చి తల మీద చెయ్యి పెట్టబోతే, ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తోసేశాడు.

"కూర్చో నాయనా. ఇవాళ నువ్వు విను" అన్నాడు. "నేను గేటు వేసేది బండిని చూసి కాదు. స్టేషన్లోంచి మాట వచ్చేది, బండి బయల్దేరిందని. ఆ మాట మీద వేసేవాణ్ణి. నా సర్వీసులో ఒక్క మాట తప్పుపోలేదు. లేపుతానని ఒకడు నాకు మాటిచ్చాడు. సమాధిలోంచి లేపుతానన్నాడు. లేపాలంటే ముందు నేను పడుకోవాలా వద్దా? మీరంతా చేరి గేటు ఎత్తి పట్టుకుంటే బండి రాకుండా పోతుందా?"

మామయ్యా, అలా అనకండి అని జెన్నిఫర్ చెవులు మూసుకుంది. విశ్వాసం లేని మాటలు నాన్నా అన్నాడు మనోహర్. ఆ ముక్కతో జకరయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"విశ్వాసం లేనిది నాకా? సమాధి పేరు చెబితే వణికేది మీరు. అది దాటించలేని దేవుడైతే మీరే ఉంచుకోండి, నాకొద్దు."

జీవన్ కుమార్ వాదించలేదు. తన చేతులకేసి చూసుకుంటూ, తన తండ్రి తాను ఇంటరు చదువుతుండగా పోయాడని, ఆ రోజు ఎవరూ లేవనెత్తమని ప్రార్థించలేదని, అప్పటినుంచి తనకు ఈ ఒక్క ప్రార్థనే వస్తుందని, రెండోది చేతకాదని చెప్పాడు. చెప్పి, లేచి వెళ్లిపోయాడు. జకరయ్యకు ఆ కుర్రవాడి మీద జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్లీ కోపం వచ్చింది.

కొడుకు మాత్రం దిగిరాలేదు. తోటకు తీసుకెళ్లమని ఆయన అడిగితే, వచ్చే ఏడు వెళదాం అన్నాడు. వచ్చే ఏడు అన్న మాటకు జకరయ్య ఎదురుగా ఉన్న గిన్నె విసిరికొట్టాడు. జావ గోడ మీద పడింది. మనోహర్ గుడ్డ తెచ్చి తుడిచాడు. వాగ్దానం మీద ఒక చుక్క పడితే దాన్ని మటుకు తుడవడానికి వాడి చెయ్యి ముందుకు రాలేదు. జెన్నిఫర్ వచ్చి తుడిచింది.

జాన్ సైదా ఆ వారంలోనే చూడటానికి వచ్చాడు. మోకాళ్లు పట్టేసి పని మానేశాడు, మాట మటుకు అలాగే ఉంది. వస్తూనే, ఏం గేటయ్యా, ఇంకా వెయ్యలేదా గేటు అన్నాడు. జెన్నిఫర్ నోరు తెరుచుకుని చూసింది. చచ్చిపోతున్నానురా సైదా అన్నాడు జకరయ్య, నెలల తర్వాత ఆ మాట నిండుగా నోరారా అని. తెలుస్తూనే ఉందిగా, మొహం గుమ్మడిపండులా ఉంది అన్నాడు సైదా. జకరయ్య పడీపడీ నవ్వాడు, నొప్పి వచ్చేదాకా నవ్వాడు.

సైదా తన ఇంటి సంగతి చెప్పాడు. హజ్‌కు పోయినవాళ్ల చేత తనకు కఫన్ గుడ్డ, పోయాక ఒంటికి చుట్టేది, తెప్పించుకున్నాడు, మక్కాలో జమ్‌జమ్ బావి నీళ్లలో తడిపి ఆరేసింది. భార్య అబీదా ఏటా దాన్ని ట్రంకు పెట్టెలోంచి తీసి, ఎండకు వేసి, మడతపెట్టి మళ్లీ లోపల పెడుతుంది. మనవరాలు సానియా, ఇది తాతయ్య ప్రయాణం బట్ట అని పక్కింటివాళ్లకు చూపిస్తుందట. మా ఇంట్లో అయితే ఆ గుడ్డను ఈ పాటికి కాలవలో పారేసేవాళ్లు అన్నాడు జకరయ్య. తర్వాత ఇద్దరూ గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఈస్టర్ ముందు శనివారం పొద్దున్నే మనోహర్ బైకు మీద బాపట్ల వెళ్లాడు, తండ్రి కోసం ఉపవాస ప్రార్థనకు. జెన్నిఫర్ పండగ బట్టలు తేవడానికి టైలరు దగ్గరకు వెళ్లింది. ఆమె సందు మలుపు తిరిగేసరికి సైదా మాట్లాడిన ఆటో వాకిట్లో ఆగింది. జకరయ్య తెల్ల చొక్కా వేసుకుని, గోడ పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిచి, వాగ్దానాన్ని గోళ్లతో పెరికాడు. సున్నం పెళ్లతో సహా ఊడి వచ్చింది. నా సమాధి మీద అంటిస్తానురా, దీర్ఘాయువు ఎంత దీర్ఘమో అప్పుడు చదువుకుందురుగాని అనుకుంటూ దాన్ని జేబులో కుక్కుకున్నాడు.

తెనాలి స్టేషన్లో సైదా, ఒక కూలీ కలిసి ఆయన్ని పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. వేమూరు దాటింది. ఆయన గేటు వచ్చింది. ఇప్పుడక్కడ ఎవరో కొత్త కుర్రవాడు జెండా పట్టుకుని నిలబడ్డాడు, వాడి వెనకే ఒకడు మోటారు సైకిలు వంచి గేటు కింద నుంచి దూరుతున్నాడు. జకరయ్యకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ సత్తువ, కిటికీ ఊచలు పట్టుకుని లేచి, "చస్తావురా వెధవా, ఆగు" అని గావుకేక పెట్టాడు. పెట్టెలో అందరూ ఉలిక్కిపడ్డారు. గేటు దగ్గరవాడికి వినపడిందో లేదో తెలీదు. సైదా ఆయన్ని మెల్లగా కూర్చోబెట్టి, ఇవాళ అందరికంటే నువ్వే ఎక్కువ బతికున్నావు అన్నాడు.

రేపల్లెలో దిగి ఆటోలో పాలెం చేరేసరికి తోటనిండా జనం. పిల్లలు బకెట్లు మోస్తున్నారు, సున్నం వాసన, పచ్చగడ్డి వాసన కలిసిపోయాయి. జకరయ్యను చూసి చేతుల్లో కుంచెలు ఆగిపోయాయి. జనం జరిగి దారి ఇచ్చారు. సువార్తమ్మ సమాధి దగ్గర రత్నమ్మ అప్పటికే కడగడం మొదలుపెట్టింది. మరిదిని చూసి ఆ తడి అంచునే కొంగుతో తుడిచి చోటిచ్చింది. జకరయ్య అక్కడ కూలబడ్డాడు. పక్కన తన చోటు మోకాలెత్తు గడ్డితో నిండిపోయి ఉంది. ఈ ఏడు అది పీకే సత్తువ ఆయనకు లేదు. దాన్ని చూడగానే ఆయనకు ఏడుపు వచ్చింది, ఏడవకుండా అందర్నీ తిట్టాడు.

సున్నం సగం పడ్డాక కాలువ కట్ట మీద బైకు ఆగింది. జెన్నిఫర్ ఫోను చేస్తే మనోహర్ బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా వచ్చాడు, ఉపవాసం మీద, ఎండలో. మొహం జేవురించి ఉంది. సమాధుల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, ముందు సైదా మీద పడ్డాడు. పెద్దవారు మీకైనా ఉండక్కర్లేదా బాబాయ్, దారిలో ఏమన్నా అయితే అన్నాడు. సైదా జకరయ్య వైపు చూపించాడు.

"పద నాన్నా ఇంటికి. నువ్విక్కడ కూర్చోకూడదు."

"ఇంకెక్కడ కూర్చోమంటావురా? నేను ఉండబోయేది ఇక్కడేగా."

"ఆ మాట అనొద్దని చెప్పానా? దేవుడు అంత మంచి వాగ్దానం ఇస్తే..."

జకరయ్య జేబులోంచి కార్డు తీసి కొడుకు కాళ్ల దగ్గర కొట్టాడు. "ఇదిగో నీ వాగ్దానం. ఇది నాది కాదు. దేవుడు నాతో ఈ మాట అనలేదు. అని ఉంటే నా కడుపులో తెలిసేది."

మనోహర్ వంగి దాన్ని తీసుకున్నాడు. మట్టి దులిపాడు. ఇంకేదో అరుస్తాడనుకుంటే, ఉన్నట్టుండి సున్నం బకెట్టు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"నీది కాదు నాన్నా. నిజంగానే నీది కాదు" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. ఆ రాత్రి గుడిలో తండ్రి పేరు చెప్పుకుని పళ్లెంలోంచి కార్డు తీశాడు. తిప్పి చూస్తే దాని మీద మరణం అన్న మాట కనిపించింది. మళ్లీ పళ్లెంలో పెట్టబోతే సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు, తీసింది తిరిగి పెట్టకూడదు బాబూ అన్నాడు. వెనక వరసలో జనం ఉన్నారు. మనోహర్‌కు ఒక్కటే తోచింది. ఇది నాదండి, మా నాన్నకు ఇప్పుడు తీస్తాను అన్నాడు. రెండోసారి తీస్తే దీర్ఘాయువు వచ్చింది. మొదటిది తను ఉంచుకున్నాడు.

ఆ రాత్రి నుంచి ఈ ఏడాది పోయేది తనే అనుకుంటున్నాడు వాడు. బాపట్ల స్టేషన్లో పట్టాలు దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వంతెన ఎక్కుతున్నాడు. చిన్న దగ్గు వచ్చినా రాత్రంతా నిద్ర లేదు. జెన్నిఫర్‌కు చెప్పలేదు. తండ్రి చావు మాట ఎత్తినప్పుడల్లా, తాను చేసుకున్న బేరం చెడిపోతుందేమో, ఇద్దరం పోతామేమో అని నోరు నొక్కేశాడు. గోడ మీద కార్డుకేసి చూడలేకపోయాడు, అది తాను దొంగిలించి తెచ్చిందని.

సైదా తల దించుకున్నాడు. జకరయ్య కొడుకు వైపు చెయ్యి చాపాడు.

"ఏదీ ఆ మొదటిది?"

మనోహర్ వెనక జేబులోంచి పర్సు తీశాడు. స్కూలు ఐడీ కార్డు వెనక నుంచి, చెమటకు మెత్తబడి అంచులు నలిగిన కార్డు బయటికి వచ్చింది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను, చదవరా అన్నాడు జకరయ్య. మనోహర్ రెండుసార్లు మొదలుపెట్టి ఆపి, మూడోసారి చదివాడు. మరణం వచ్చేదాకా నమ్మకంగా నిలబడినవాడి తల మీద జీవకిరీటం పెడతానన్న వాగ్దానం అది.

జకరయ్య మొహం ఎర్రబడింది. కామెర్ల పచ్చదనం మీద కూడా ఆ ఎరుపు కనిపించింది.

"ఒరేయ్ మనోహర్" అన్నాడు. "ఇంత మంచి మాట దేవుడు నాకు పంపిస్తే, ఇన్ని నెలలు దాన్ని నీ వెనక జేబులో పెట్టుకుని దాని మీద కూర్చున్నావురా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జకరయ్యకు నవ్వు రాలేదు. ఒంట్లో ఉన్న సత్తువంతా తెచ్చుకుని తిట్టాడు. గోడ మీద ఏదో ఒకటి అంటించి, తన నోటికి తాళం వేసి, తనకు కావలసిన మాట తనకు అందకుండా చేశాడని తిట్టాడు. ఆ మాట మంచం పక్కన ఉంటే ఇన్ని రాత్రులు గోడకేసి చూస్తూ కోపంతో దొర్లేవాణ్ణా అని అడిగాడు. దేవుడేమన్నా రేషన్ డీలరా, ఒకడి కార్డు మీద ఇంకొకడికి ఇవ్వడానికి అన్నాడు. లెక్కల మాస్టారివి, ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నావురా అన్నాడు. తిడుతూ తిడుతూ ఉండగా గొంతు బొంగురుపోయింది. మాట ఆగిపోయాక చూస్తే, కొడుకు నెత్తి ఆయన మోకాలి మీద ఉంది, ఆయన చెయ్యి ఆ నెత్తి మీద ఉంది. అది ఎప్పుడు అక్కడికి పోయిందో ఆయనకే తెలీదు.

"అంత భయపడ్డావా నాన్నా" అన్నాడు. చిన్నప్పుడు గేటు దగ్గర ఇంజను కూత వేస్తే వాడు కాళ్లకు చుట్టుకున్నప్పుడు అడిగినట్టే అడిగాడు. మనోహర్ తల ఊపాడు.

"నీ బదులు నేను పోదామనుకున్నా" అన్నాడు.

"పోవడానికి నీకేం తెలుసురా? నాకు టికెట్టు వచ్చింది, నేను పోతా. అక్కడ మీ అమ్మ ఉంది. నువ్వు వచ్చేనాటికి నీ చోటు నీకు ఉంటుంది. ఇటివ్వు నాది."

నలిగిన కార్డు తీసుకుని చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ అట్ట వేసింది కొడుకు అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. దీర్ఘాయువు నీకే ఇచ్చాడు, జాగ్రత్తగా వాడుకో అన్నాడు. మనోహర్ ఆ పిడికిలి తెరవలేదు. అయ్యగారికి ఫోను చేస్తాను నాన్నా, రేపు పొద్దున ప్రభు భోజనం ఇక్కడే ఇమ్మంటాను అన్నాడు.

ఇంతసేపూ రత్నమ్మ కుంచె పట్టుకుని వాళ్లిద్దరి మూతులకేసి మార్చి మార్చి చూస్తోంది. ఏమీ వినపడక ఆవిడకు విసుగు పుట్టింది. ఏడుస్తావెందుకురా, ఇంతకీ మా మరిదికి ఎలా ఉంది అని గట్టిగా అడిగింది.

మనోహర్ లేచి నిలబడ్డాడు. ఎప్పటిలా నోరు తెరిచాడు, ఆగాడు. తండ్రికేసి చూశాడు. జకరయ్య, కానీ అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"చనిపోతున్నాడు పెద్దమ్మా" అన్నాడు మనోహర్.

"ఆఁ?"

"గట్టిగా చెప్పరా, బాగున్నాడని వీధంతా చాటలేదూ" అన్నాడు జకరయ్య.

"చనిపోతున్నాడు పెద్దమ్మా! మా నాన్న చనిపోతున్నాడు!"

తోటంతా వినపడింది. కుంచెలు ఆగాయి, పిల్లలు బకెట్లు దించారు. రత్నమ్మ తల ఊపింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యమేమీ లేదు, తన మొగుణ్ణీ ఒక కొడుకునీ ఆ వరసలోనే పెట్టిన మనిషి. అయితే రేపు తెల్లారి పాటలకు ఉంటాడా అని అడిగింది. ఉంటాడు పెద్దమ్మా అని మనోహర్ అంతే గట్టిగా చెప్పాడు. మరి చూస్తూ నిలబడ్డావేం, ఆ పక్క చోటు బాగుచెయ్యి అని ఆవిడ మళ్లీ సున్నంలో కుంచె ముంచింది.

మనోహర్ చెప్పులు విప్పి గట్టు పక్కన పెట్టాడు. ప్యాంటు మడిచి, తల్లి సమాధి పక్కనున్న ఆ ఖాళీలో మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ పీకుతున్నాడు, మధ్య మధ్యలో కొన్ని వదిలేస్తున్నాడు. జకరయ్య సువార్తమ్మ సమాధికి వీపు ఆనించి, జేబు మీద చెయ్యి పెట్టుకుని చూశాడు. చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆ మూల వేళ్లతో సహా లాగరా. పడుకునేది నేను."